మెడ నుంచి కిందికి అమ్మ కాదు

అమ్మ పోయిన మరుసటి ఏడాది నేను అమలాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. శనివారం మధ్యాహ్నాలు మాకు రచన క్లాసు ఉండేది. నైపుణ్యాల కోర్సులని అయిదారు పెడితే, కంప్యూటరుకీ టూరిజానికీ సీట్లు నిండిపోయి, మిగిలిపోయినవాళ్లందరం ఇందులోకి వచ్చి పడ్డాం. రాయాలన్న తపన మాలో ఎవరికీ లేదు. పాసు మార్కులు వస్తే చాలనుకునే రకం మేమంతా.

పాఠం చెప్పే సారు రాజమండ్రిలో ఏదో పత్రికలో పనిచేసి మానేసి వచ్చాడు. గెస్టు లెక్చరరు. సన్నగా ఉండేవాడు, నవ్వేవాడు కాదు. మొదటి వారం మీ ఊరి గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నాడు. రెండో వారం అందరి కాగితాలూ చేతిలో పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒక కాగితంలోంచి ఒక వాక్యం, దాన్ని కిందకి తోసి రెండో కాగితంలోంచి రెండో వాక్యం, మూడో దాంట్లోంచి మూడోది. కొబ్బరి తోటలు, గోదావరి పాయలు, పచ్చని తివాచీ, అతిథి మర్యాదలు. ఎక్కడా తెగలేదు. ఒకే మనిషి రాసినట్టు చివరి దాకా సాఫీగా నడిచిపోయింది. మాకైతే బాగుందనే అనిపించింది.

"ఇది ఎవరు రాశారు?" అన్నాడు.

ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

"ఎవరూ రాయలేదు. అందరూ ఫోనులోంచి దింపుకొచ్చారు. దీన్నే గ్రంథచౌర్యం అంటారు. ఇంకోళ్ల సొత్తు కాజెయ్యడం ఒక్కటే కాదు ఇందులో తప్పు. మీ ఊరు మీ దగ్గర లేకుండా పోయింది. అది పెద్ద తప్పు."

నా కాగితం అందులో లేదు. నిజాయితీ వల్ల కాదు, బద్ధకం వల్ల. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. ఐ.పోలవరం వైపు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మా అమ్మ ఆదరణ కూడిక గురించే ఆలోచించాను.

మా క్రైస్తవుల్లో మనిషి పోయాక బంధువులనీ సంఘాన్నీ పిలిచి ఆదరణ కూడిక పెడతారు. పాటలు, వాక్యం అయ్యాక పోయినవాళ్ల జీవిత సంగ్రహం చదువుతారు. మా సంఘపెద్ద ఒకాయన దగ్గర ఆడవాళ్లకి ఒకటి, మగవాళ్లకి ఒకటి తయారుగా ఉంటాయి. పేరు మార్చి చదివేస్తాడు. మా అమ్మ వేకువనే లేచి వాక్యం ధ్యానించేదట. ఆదివారపు బడిలో పిల్లలకి పాటలు నేర్పేదట. తన ఇద్దరు కుమారులనూ దేవుని భయంలో పెంచిందట. మా అమ్మకి నేనొక్కదాన్నే. వేకువనే లేచేది నిజమే, రొయ్యల షెడ్డు వ్యాను వచ్చేస్తుందని లేచేది. పాట పాడితే మేం చెవులు మూసుకునేవాళ్లం. ఆయన చదువుతున్నంతసేపూ మా నాన్న తల ఊపుతూనే ఉన్నాడు.

"కొడుకులెవరు నాన్నా?" అని తర్వాత అడిగాను.

"ఊరుకోమ్మా. ఆయనేదో గౌరవంగా చదివేరు."

అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. అందరికీ అలాగే చదువుతారు కదా అనుకున్నాను. సారు మాట విన్నాకే కోపం వచ్చింది. అదీ ఏడాది ఆలస్యంగా. నా కోపాలన్నీ ఇంతే, బస్సు వెళ్లిపోయాక స్టాపుకి వస్తాయి.

అమ్మ ఎలా పోయిందో కూడా చెప్పాలి. షెడ్డులో రొయ్యలు వలిచేటప్పుడు తల దగ్గరి ముల్లు వేలికి గుచ్చుకుంది. రోజూ గుచ్చుకునేదే. షుగరు ఉందని ఆవిడకి తెలీదు, మాకూ తెలీదు. వేలు వాచింది, పసుపు పెట్టుకుంది, మర్నాడు మళ్లీ ఐసు నీళ్లలో చెయ్యి పెట్టింది. కాకినాడ తీసుకెళ్లేసరికి మోచేతి దాకా నల్లబడిపోయింది. నేను హాస్టలు నుంచి వెళ్లేసరికి చేతికి పెద్ద కట్టు ఉంది. నేను చూసింది ఆ కట్టునే. పెట్టెలో పెట్టినప్పుడు రెండు చేతులకీ తెల్ల గ్లౌజులు తొడిగారు.

కొన్ని వారాలు గడిచాక సారు బొమ్మతో కథ చెప్పడం అనే పాఠం మొదలుపెట్టాడు. ఇంట్లోంచి ఒక ఫొటో తెమ్మన్నాడు. ఫోనులో చూపిస్తే ఒప్పుకోనన్నాడు, కాగితం మీదున్నదే కావాలట. నిలబడి, ఆ ఫొటోలో కంటికి కనపడేది మాత్రమే చెప్పాలి. తెలిసిన సంగతి చెప్పకూడదు.

మా ఇంట్లో గోడ మీద ఉన్నది ఒక్కటే ఫొటో. దాన్ని దించి తువ్వాల్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. అమ్మకి మంచి ఫొటో అంటూ లేదు. ఆధారు కార్డులో ఉన్న ముఖాన్నే ముమ్మిడివరం సెంటర్లో స్టూడియో అతను పెద్దది చేశాడు. "పట్టుచీర వేసేద్దామా బాబాయ్?" అని అడిగితే నాన్న "వెయ్యండి" అన్నాడు. మా పేటలో పోయిన ఆడవాళ్లందరూ ఇప్పుడు గోడల మీద పట్టుచీరల్లోనే ఉన్నారు. మెడ నుంచి కిందికి వాళ్లు కాదని అందరికీ తెలుసు. ఎవరూ దాన్ని అబద్ధం అనుకోరు.

నా వంతు వచ్చింది. "మా అమ్మ" అన్నాను.

"అది నీకు తెలిసింది. కనపడేది చెప్పు."

"ఆకుపచ్చ పట్టుచీర. మెరూను అంచు. మెడలో కాసులపేరు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. కుడి చెయ్యి పైన ఉంది. ఎర్రరాయి ఉంగరం. గోళ్లు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి."

చదువుతున్నట్టే చెప్పుకుపోయాను. మూడో బెంచీలో ఒకమ్మాయి తన ఫొటోని మెల్లగా పైకి ఎత్తింది. ఎందుకు ఎత్తిందో తనకే తెలిసినట్టు లేదు. వాళ్లది మా పక్క ఊరే. వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న పెద్ద కుటుంబం. అది వాళ్ల నానమ్మ ఫొటో, ఎవరిదో పెళ్లిలో తీసింది. ఆకుపచ్చ పట్టుచీర, మెరూను అంచు, కాసులపేరు, కుడి చెయ్యి పైన, ఎర్రరాయి ఉంగరం. మెడ దాకా ఒకటే మనిషి, పైన రెండు ముఖాలు.

అందరూ రెండు ఫొటోలూ మార్చి మార్చి చూశారు. తర్వాత క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది, వెంటనే నోరు మూసుకుంది. సారు కూడా ఆ ఊపులో పడిపోయాడు.

"ఇందులో ఎవరిది ఎవరు కాపీ కొట్టారు?" అన్నాడు.

నవ్వు ఇంకా పెరిగింది. నేను ఫొటోని తువ్వాల్లో చుట్టేసుకుని కూర్చున్నాను. ఎవరు కాపీయో అడగక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది. వాళ్ల నానమ్మ మెడ ఆ భుజాల మీద కుదురుగా ఉంది. మా అమ్మది కొంచెం పక్కకి జరిగి ఉంది. ఏడాదిగా రోజూ చూస్తున్నాను, నాకు అది కనపడలేదు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి తండ్రి మా ఇంటికి వచ్చాడు. వెనక బండి మీద స్టూడియో అతను. ఆయన తోటలో మా నాన్న కొబ్బరికాయలు ఒలిచిన రోజులున్నాయి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గొంతు పెంచలేదు, తిట్టలేదు. ఆ మర్యాదే నాకు ఒళ్లు మండించింది.

"నిన్నేం అనట్లేదయ్యా, నీ తప్పేం లేదు" అన్నాడు నాన్నతో. "తప్పంతా వీడిది. పెళ్లికి తీసిన ఫొటోలు దాచుకుని ఊరందరికీ అంటించేస్తున్నాడు. కానీ మా అమ్మ ఒంటికి తీసుకొచ్చి మీ..."

అక్కడ ఆగిపోయాడు. మింగేసిన మాటేంటో నాకు తెలుసు, మా నాన్నకి తెలుసు, స్టూడియో అతనికీ తెలుసు. పైకి అననందుకు ఆయన తనని తాను మంచివాడు అనుకుని ఉంటాడు.

"మేం అడగలేదండి. మా అమ్మ తలకాయకి మీ అమ్మగారి ఒళ్లు వచ్చింది" అన్నాను.

"నోర్ముయ్యి" అన్నాడు నాన్న. నన్ను అంత మాట ఆయన అదే మొదటిసారి అనడం. తర్వాత వచ్చినాయన వైపు తిరిగి, "ఆయ్, తీసేస్తామండి" అన్నాడు.

"తీసెయ్యడం కాదయ్యా, అది నాకిచ్చెయ్. మా అమ్మది ఎక్కడబడితే అక్కడ ఉంటే మాకు బాగోదు కదా."

నాన్న ఫ్రేము దించాడు. వెనక మేకులు పీకి ఫొటో బయటికి తీశాడు. కత్తెర కోసం వెతికి, దొరక్క, కూర తరిగే కత్తిపీట ముందుకు లాక్కుని కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడో మాకెవరికీ అర్థం కాలేదు. ఫొటోని రెండు చేతులతో పట్టుకుని, మెడ దగ్గర మెల్లగా తిప్పుతూ కోశాడు. కింది భాగం వచ్చినాయన చేతిలో పెట్టాడు.

"ముఖం మాదేనండి" అన్నాడు.

తల లేని తల్లిని చేతిలో పట్టుకుని ఆ పెద్దమనిషి నిలబడిపోయాడు. ఇంత అవుతుందని ఆయనా అనుకుని ఉండడు. చివరికి స్టూడియో అతనికి ఇచ్చాడు. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. మడత పెడుతుంటే ఆయన ముఖం చిన్నబోవడం చూశాను. నాకు జాలి వెయ్యలేదు. వెయ్యాల్సిందేమో.

బండెక్కేముందు స్టూడియో అతను వెనక్కి వచ్చాడు. "వేరే చీరలున్నాయి బాబాయ్. ఊరికే వేసిస్తాను, నీకు నచ్చింది చూసుకో."

"వద్దులెండి. అదీ మళ్లీ ఎవరో ఒకరిదే అవుద్ది" అన్నాడు నాన్న.

కోసిన ముఖాన్ని బైబిల్లో పెట్టాడు. మెడ దగ్గర తెగిన మనిషిని గోడకి ఎవరు తగిలిస్తారు? ఆధారు ఫొటోనే మళ్లీ పెద్దది చేయిద్దామంటే వద్దన్నాడు. "అందులో భయపడుతున్నట్టు ఉంటాది మీ అమ్మ" అన్నాడు. గోడ మీద ఫ్రేము ఉన్నచోట సున్నం తెల్లగా మిగిలింది. అన్నం తినేటప్పుడు నాన్న అటువైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు.

కాలేజీలో ఆ అమ్మాయి మెట్ల దగ్గర నన్ను ఆపింది. "నేను ఇంట్లో నవ్వులాటగానే చెప్పేను. ఇలా అవుద్దనుకోలేదు" అంది. కళ్లలో నీళ్లున్నాయి. నేను పక్కకి తప్పుకుని మెట్లెక్కేశాను. సారుని మాత్రం వదల్లేదు. స్టాఫు రూములోనే అడిగేశాను. "కనపడేదే చెప్పమన్నారు, చెప్పాను. ఇప్పుడు మా ఇంట్లో కనపడడానికి ఏమీ మిగల్లేదు. సంతోషమేనా సార్?"

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. క్లాసు నవ్వుతుంటే నేనూ నవ్వించాలనుకున్నాను. తప్పు నాదే" అన్నాడు. తర్వాత, "ఇదే రాయి. పైన ఖాళీ చట్రం గీయి, ఫొటో పెట్టకు. మీ అమ్మవి కాని చేతులు ఇన్నాళ్లూ చూశావు కదా, మీ అమ్మవే అయిన చేతుల గురించి రాయి" అన్నాడు.

పంతం పట్టి కూర్చున్నాను. ఫొటో పోతే పోయింది, మా అమ్మని కాగితం మీద ఆవిడలా నిలబెడతాననుకున్నాను. నాన్న ముందు ఆ కాగితం పెట్టాలి, గోడవైపు తిరిగి అన్నం తినేలా చెయ్యాలి, అదే నా పట్టుదల. కానీ కలం పట్టుకుంటే ఒక్క ముక్క రాలేదు. చేతులు, అని రాసి ఆగిపోయేదాన్ని. ఆరో తరగతి నుంచి అమ్మ పోయేదాకా నేను హాస్టల్లోనే. సెలవులకి వస్తే నేను లేచేసరికి అమ్మ వెళ్లిపోయేది, వచ్చేసరికి చీకటి పడేది. ఒక సాయంత్రం షెడ్డు గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పని దిగి వస్తున్న ఆడవాళ్ల చేతులు చూశాను. నీళ్లలో నాని తెల్లబడి ముడతలు పడ్డ వేళ్లు, ఊడిపోయే గోళ్లు, ముళ్ల గాట్లు. ఇంటికొచ్చి ఆపకుండా రాశాను. సారు చదివి, "ఇది నీది. ఎవరి దగ్గరా దొరకదు" అన్నాడు. కాలేజీ పత్రికకి పంపించాడు. గర్వంతో బస్సులో నాకు సీటు దొరకలేదన్న సంగతి కూడా తెలియలేదు.

పత్రిక అచ్చయ్యేలోపు సారు వెళ్లిపోయాడు. మరుసటి ఏడాదికి ఆయన్ని మళ్లీ తీసుకోలేదు. పేజీలు పెట్టినవాళ్లకి నా ఖాళీ చట్రం అర్థం కాలేదు. బొమ్మ పెట్టడం మర్చిపోయానని అనుకుని ఉంటారు, పేజీ బోసిగా ఉందని అనిపించి ఉంటుంది. ఇంటర్నెట్‌లో వెతికి ఒక ఫొటో పెట్టేశారు. ఎవరో ఆవిడ, తలకి తువ్వాలు చుట్టుకుని వంగి రొయ్యలు వలుస్తోంది. ముఖం కనపడదు. కుప్ప, ఆ కుప్పలో రెండు చేతులు, అంతే. మూలన ఏదో వెబ్‌సైటు గుర్తు సన్నగా కనపడుతోంది. కింద నా పేరు.

చూసి పత్రిక మూసి సంచి అడుక్కి తోసేశాను. పత్రిక ఇంట్లో చూపించకూడదనుకున్నాను. కానీ నేను స్నానం చేసి వచ్చేసరికి నాన్న నా సంచిలోంచి తీసి, గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గానీ అచ్చు చదివే ఓపిక లేదు. బొమ్మనే చూస్తున్నాడు.

"ఇది ఎవరు తీసేరమ్మా?" అన్నాడు. అమ్మ పోయాక మొదటిసారి ఆ గొంతులో ఉత్సాహం విన్నాను.

"అది అమ్మ కాదు నాన్నా. ఎక్కడిదో ఫొటో. ఖాళీగా ఉందని పెట్టేశారు."

"మీ అమ్మే."

"కాదు. ఆ బల్ల చూడు, స్టీలు బల్ల. మన షెడ్డులో కింద పీటలమీద కూర్చునే కదా వలుస్తారు?"

"నేను బల్ల చూడట్లేదు. చేతులు చూస్తన్నాను."

"చేతులూ కాదు నాన్నా. అమ్మవి ఇలా ఉండేవి కాదు."

అప్పుడు తలెత్తాడు. కోపం లేదు ఆయన ముఖంలో. ఉంటే బాగుండేది.

"నువ్వెప్పుడు చూసేవమ్మా మీ అమ్మ చేతులు?" అన్నాడు. "నువ్వొస్తున్నావంటే చింతపండు వేసి రుద్దుకునేది. వాసన పోయేది కాదు. నువ్వు అసయ్యించుకుంటావని కొంగులో దాచుకునేది. అన్నం కూడా గరిటెతోనే పెట్టేది కదా నీకు. కొబ్బరినూనె రాసింది నేను. పగుళ్లలోకి దిగితే ఏడ్చేది, ఊదేవాణ్ని. నాకు తెలీదా? ఇవే."

గరిటె సంగతి నాకు గుర్తే. మా అమ్మకి శుభ్రం ఎక్కువ అని హాస్టల్లో స్నేహితురాళ్లకి గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ బొమ్మ కింద అచ్చయిన నా పేజీ మొత్తం అమ్మ చేతుల గురించే. అది ఆయన చదవలేదు. చదివి వినిపించమని అడిగితే ఏం చెయ్యాలా అని భయపడ్డాను. ఆయన అడగలేదు.

బొమ్మ మేరకి కోసి తీసుకున్నాడు. నా అక్షరాలున్న భాగం గుమ్మం దగ్గర పడి ఉంటే నేనే తీసి పొయ్యిలో పెట్టాను. బొమ్మ ఫ్రేముకి చిన్నదైంది, చుట్టూ తెల్లకాగితం అతికించి సరిచేశాడు. పాత మేకుకే తగిలించాడు. ఆ రోజు గోడవైపు తిరిగి అన్నం తిన్నాడు.

ఏటా అమ్మ పోయిన రోజున మా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడతాం. పాస్టరుగారు ఆ ఫ్రేముకి దండ వేయించి ప్రార్థన చేస్తారు. షెడ్డులో అమ్మతో పనిచేసిన ఆడవాళ్లు వచ్చి దాని ముందు నిలబడతారు, కొందరు ఏడుస్తారు. ఈవిడెవరని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను తెరిచే ఉంచుతాను, ఆ చేతులనే చూస్తాను. అవి ఏ ఊరి మనిషివో తెలియదు. మా అమ్మవి ఎలా ఉండేవో అదీ నాకు తెలియదు.